లోఫా సెనేటర్లకు రాజ్యసభ లెక్కలా?

సంపాదకుల వారికి,

లైబీరియాలోని లోఫా కౌంటీ సెనేటర్ల గురించి గత ఆదివారం మీ విదేశీ పేజీలో వేసిన వార్త నాలుగు అంగుళాలు కూడా లేదు. అందులోని తప్పులు ఏరి రాద్దామని కూర్చుంటే వారం పట్టింది.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాన్ని ‘మండలం’ అన్నారు, సరే పోనీ. సెనేటర్లను ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారనీ, పదవి 6 ఏళ్లనీ ఎవరు చెప్పారు? మన రాజ్యసభ లెక్క తీసుకెళ్లి అక్కడ అతికించినట్టున్నారు. వాళ్లది ప్రత్యక్ష ఎన్నిక, 9 ఏళ్ల పదవి. 15 కౌంటీలకు తలా ఇద్దరు, వెరసి 30 మంది. రాజధాని మన్రోవియా ఉన్న మాంట్‌సెరాడోలో 19 లక్షల జనం, అడవుల్లోని గ్బార్‌పోలులో లక్ష కూడా లేరు. రెంటికీ రెండేసి సీట్లే. ఆ ఇద్దరినీ ఒకేసారి ఎన్నుకోరు. 2005లో ఎక్కువ ఓట్లొచ్చినవారికి 9 ఏళ్లు, రెండోవారికి 6 ఏళ్లు ఇచ్చారు. అందుకే 2011, 2014, 2020, 2023ల్లో కౌంటీకి ఒక్కో సీటు చొప్పున ఎన్నికలు జరిగాయి.

అసలు కథ మీరు వదిలేశారు. 2020 డిసెంబరులో లోఫాలో గెలిచిన మాజీ రక్షణ మంత్రి సాముకాయ్‌కి సైనికుల పింఛను సొమ్ము కేసులో పడిన శిక్షను 2021లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆయన సీట్లో కూర్చోలేదు. ఉప ఎన్నిక జరిగింది 2022 జూన్‌లో! వానొస్తే లారీలు ఇరుసుదాకా దిగబడే ఎర్రమట్టి రోడ్ల కౌంటీకి ఏడాదిన్నర పాటు ఉన్నది ఒక్క సెనేటరే. మీకిది వార్త కాలేదు.

సెనేటుకు నిలబడాలంటే ఎన్నికకు ముందు కనీసం ఏడాదైనా ఆ కౌంటీలో నివాసముండాలని వాళ్ల రాజ్యాంగం చెబుతోంది. మనం రాజ్యసభకు ఆ తరహా నిబంధనను 2003లోనే ఎత్తేశాం. ఎవరు ఏ రాష్ట్రం నుంచైనా వెళ్లొచ్చు. పోల్చాలనుకుంటే ఇది పోల్చాల్సింది!

ఒకప్పుడు విదేశీ వార్త రాసేవారి బల్ల మీద అట్లాసు ఉండేది. ఇప్పుడు ఫోను చేసిన అనువాదాన్ని చదవకుండానే అచ్చుకు పంపుతున్నట్టుంది. లేకపోతే ‘జూనియర్ సెనేటర్’ కాస్తా ‘బాల సెనేటర్’ ఎలా అవుతాడు? వాళ్ల సెనేటుకూ మన రాజ్యసభకు మల్లే 30 ఏళ్లు నిండాలి.

సవరణ వేసేటప్పుడు పటం కూడా మార్చండి. లోఫా ముఖ్యపట్టణం వోయింజామాను గినీలో చూపించారు.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
తెనాలి