ఇటలీలో పెరుగుతున్న పిల్లకు అమెరికా డబ్బు పాఠాలు పంపారు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
విదేశీ డెలివరీ విభాగం, హైదరాబాద్.

విషయం: ఇటాలియన్ చదివే 15 ఏళ్ల అమ్మాయి కోసం మీ సంస్థ ఎంపిక చేసి పంపిన పొదుపు, మదుపు పుస్తకంపై ఫిర్యాదు, డబ్బు వాపసు గురించి.

అయ్యా / అమ్మా,

మా అక్కావాళ్లు ఇటలీలోని టురిన్‌లో స్థిరపడ్డారు. మేనకోడలు పుట్టింది, పెరిగింది అక్కడే. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతుంది గానీ పుస్తకం పట్టుకుంటే ఇటాలియనే. ఈ మధ్య డబ్బు సంగతులు బాగా అడుగుతోంది. షేరు అంటే ఏంటి, పుట్టినరోజుకి వచ్చిన డబ్బు ఎక్కడ దాచుకోవాలి, ధరలు ఎందుకు పెరుగుతాయి, అన్నీ కావాలి. బ్యాంకులో పనిచేసి రిటైరైన నాకు ఆ ప్రశ్నలు వింటే ఎంత సంతోషమో చెప్పలేను. అందుకే మీ సైట్‌లో "పిల్లలు ఉన్న దేశానికి, వయసుకి తగ్గట్టు మా నిపుణులే పుస్తకం ఎంపిక చేస్తారు" అన్న సేవ చూసి, పుస్తకం ధర, ఎంపిక ఫీజు, విదేశీ కొరియర్ అన్నీ కట్టి ఆర్డర్ పెట్టాను. దేశం ఇటలీ, వయసు 15, భాష ఇటాలియన్ అని ఫారంలో నింపాను.

పార్సిల్ ఆలస్యంగా చేరింది. దాని గురించి నాకు పట్టింపు లేదు. లోపల ఉన్నదాని గురించే ఈ లేఖ.

మీరు పంపినది ఒక అమెరికన్ పుస్తకానికి ఇటాలియన్ అనువాదం. భాష మార్చారు, లోపలి దేశం మాత్రం మారలేదు. రిటైర్మెంట్ అధ్యాయమంతా 401(కె), రాత్ ఐఆర్ఏ అనే అమెరికా రిటైర్మెంట్ పొదుపు ఖాతాల గురించే. ఇటలీలో ఆ ఖాతాలు లేవు. అక్కడ ఉద్యోగికి ఏటా జీతంలో సుమారు పదమూడున్నరో వంతు, ఉద్యోగం మానేటప్పుడు చేతికిచ్చే సొమ్ముగా, టీఎఫ్ఆర్ పేరుతో పక్కన పడుతుంది. దాన్ని కంపెనీలోనే ఉంచాలా, పెన్షన్ ఫండ్‌కి మళ్లించాలా అన్నది ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తేల్చుకోవాలి. రేపు ఈ పిల్ల మొదటి జీతం అందుకోగానే ఎదురయ్యే ప్రశ్న అది. పుస్తకంలో దాని ఊసే లేదు.

చక్రవడ్డీ పట్టిక చూడండి. పిల్లలకి అన్నిటికన్నా ముందు అర్థం కావాల్సిన పేజీ అదే. 10,000 డాలర్లు ఏటా 7 శాతం చొప్పున పదేళ్లకు 19,671.51 అవుతాయని వేశారు. లెక్క సరైనదే. కానీ ఇటలీలో వేలకి చుక్క, దశాంశానికి కామా పెడతారు. వాళ్ల బడి పద్ధతిలో 10,000 అంటే పది. వీడియో కాల్‌లో ఆ వరుస మీద వేలు పెట్టి, "మామయ్యా, ఇది పదా, పదివేలా? తర్వాతి అంకెలో కామా, చుక్క రెండూ ఎందుకున్నాయి?" అని అడిగింది. అనువదించినవాళ్లు అంకెల జోలికే పోలేదు. ఆ పేజీ ఒక్కటి తిప్పి చూసినా మీ నిపుణులకి ఈ సంగతి తెలిసేది.

అదే లెక్కలో డాలర్ల బదులు యూరోలు పెట్టి పన్ను కలిపి చెబితే ఎంత మంచి పాఠం అయ్యేదో! లాభం సుమారు 9,671 యూరోలు. షేర్ల ఫండ్‌లో వచ్చిన లాభమైతే ఇటలీలో 26 శాతం పన్ను, అంటే సుమారు 2,515 యూరోలు పోతాయి. ఇటలీ ప్రభుత్వ బాండ్లలో వచ్చినదైతే 12.5 శాతమే, సుమారు 1,209. ఇది కాక పెట్టుబడి విలువ మీద ఏటా 0.2 శాతం స్టాంపు సుంకం ఉంటుంది. మీ పుస్తకంలో ఉన్నవన్నీ అమెరికా పన్ను శ్లాబులే.

ఆ పిల్ల ఇంటి దగ్గరి పోస్టాఫీసులో దొరికే బువోనీ ఫ్రుత్తీఫెరి గురించి ఒక్క మాట లేదు. మన పోస్టాఫీసు సర్టిఫికెట్ల లాంటివే అవి. ప్రభుత్వ హామీ ఉంటుంది, మైనర్ల కోసం విడిగా ఒక రకం ఉంది, పిల్లలకి 18 నిండేసరికి చేతికొస్తుంది. వెయ్యి యూరోల నుంచి కొనుక్కోగల బీటీపీ అనే ఇటలీ ప్రభుత్వ బాండ్ల సంగతీ లేదు. బ్యాంకు దివాలా తీస్తే ఒక్కో డిపాజిటర్‌కి లక్ష యూరోల వరకు రక్షణ ఉంటుందన్న సంగతీ లేదు. నష్టాల గురించి చెప్పడానికి కూడా అమెరికా ఉదాహరణలే. 2003లో పార్మలాట్ అనే ఇటలీ పాల కంపెనీ కుప్పకూలి, ఆ కంపెనీ బాండ్లు కొన్న వేలాది మధ్యతరగతి కుటుంబాలు నష్టపోయాయి. ఆ పేరుతో పాలు ఇప్పటికీ అక్కడ దుకాణాల్లో అమ్ముతున్నారు. తెలిసిన పేరు కదా అని ఉన్నదంతా ఒక్కచోటే పెట్టకూడదని ఇటలీ పిల్లలకి చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

ఇంతకంటే నన్ను బాధపెట్టింది పుస్తకం మధ్యలో మీరు పెట్టి పంపిన కరపత్రం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఉచిత డెమో ఖాతా అట. బావగారు తెరిచి చూస్తే అది సీఎఫ్‌డీ ట్రేడింగ్ సైటు. షేర్ల లాంటివి కొనకుండానే, వాటి ధర పెరుగుతుందా తగ్గుతుందా అని అప్పు మీద పందెం కాయడం లాంటి వ్యాపారం అది. ఇందులో 74 నుంచి 89 శాతం మామూలు మదుపరుల ఖాతాలు నష్టపోతున్నాయని యూరప్ మార్కెట్ల నియంత్రణ సంస్థ 2018లో చెప్పింది, ఆ హెచ్చరికని ప్రకటనల్లో తప్పనిసరి చేసింది. మీ కరపత్రంలో ఆ హెచ్చరిక లేదు. పదిహేనేళ్ల పిల్ల పేరు మీద వెళ్లే పార్సిల్‌లో అలాంటి కాగితం పెట్టడానికి మీకు మనసెలా ఒప్పింది? ఆ సైటు వివరాలు ఇటలీ మార్కెట్ నియంత్రణ సంస్థ కొన్సోబ్‌కి పంపమని బావగారికి చెప్పాను.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "పుస్తకం ఇటాలియన్‌లోనే ఉంది కదండీ, డ్యామేజీ ఏం లేదు, రిటర్న్ కుదరదు" అన్నారు. నేను మీకు డబ్బు కట్టింది ఎంపిక కోసం. ఇటాలియన్‌లో ఉన్న పుస్తకాన్ని మా అక్క అక్కడి దుకాణంలోనే కొనగలదు. ఇటలీలో 2024లో వచ్చిన చట్టంతో బడుల్లో పౌరశాస్త్రంలో భాగంగా ఆర్థిక పాఠాలు కూడా చేర్చారు. కాబట్టి ఇకపై మీ దగ్గర ఇలాంటి పుస్తకం అడిగే తల్లిదండ్రులు పెరుగుతారు. వాళ్లకీ ఇదే పంపుతారేమోనని నా టెన్షన్.

పుస్తకం ధర, ఎంపిక ఫీజు, కొరియర్ ఖర్చు మొత్తం వాపసు చేయండి. పిల్లల పార్సిళ్లలో ట్రేడింగ్ కరపత్రాలు పెట్టడం వెంటనే ఆపి, ఆపామని రాతపూర్వకంగా తెలపండి. ఈ పుస్తకం పేజీలో "అమెరికా పన్నులు, ఖాతాల ఆధారంగా రాసినది" అని స్పష్టంగా వేయండి. మా మేనకోడలికి వేరే పుస్తకం పంపనవసరం లేదు, అది మేమే చూసుకుంటాం.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. ఆర్డర్ రసీదు, పట్టిక ఉన్న పేజీ ఫొటో, కరపత్రం ఫొటో జతపరిచాను.

ఇట్లు,
మీ కస్టమర్,
వరంగల్.