వార్షిక నివేదిక 2024-25: టీవీ తొలినాళ్ల ముచ్చట్ల రికార్డింగు

సభ్యులందరికీ నమస్కారం.

శాంతి స్వరూప్ గారు 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. 1983 నవంబరు 14న తెలుగులో తొలి టీవీ వార్తలు చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో స్క్రిప్టు కంఠస్థం చేసి చదివేవారు. ఆ నెల మన సమావేశంలో ఎవరో, "ఆ తరం వాళ్లను ఇప్పుడు మాట్లాడించకపోతే ఇంకెప్పుడు?" అన్నారు. పని అలా మొదలైంది.

పాత టేపులున్నాయి కదా అని కొందరు సభ్యులు అడిగారు. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు. ఒకసారి ప్రసారమయ్యాక దాని మీదే ఇంకోటి రికార్డు చేయడం చాలా టీవీ స్టేషన్లలో మామూలే. బీబీసీ అంతటిదే అలా ఎన్నో కార్యక్రమాలు పోగొట్టుకుంది.

ఈ ఏడాది తొమ్మిది మందిని రికార్డు చేశాం. హైదరాబాద్ దూరదర్శన్‌ను నీలం సంజీవరెడ్డి గారు ప్రారంభించింది 1977 అక్టోబరు 23న కాబట్టి కథ అక్కడే మొదలవుతుందనుకున్నాం. ఒక పెద్దాయన మమ్మల్ని ఇంకా వెనక్కి, 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం రోజులకు తీసుకెళ్లారు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ చేరింది. అందులో మన పల్లెలూ ఉన్నాయి. ఆయన అప్పట్లో సెట్లు బాగుచేసేవారు. డిష్షంటే కోళ్ల గూటికి కొట్టే జాలీతో చేసిందేనట, పది అడుగుల వెడల్పు. చెబుతూ చెబుతూ లేచి హాల్లో అడుగులు వేసి కొలిచి చూపించారు. కెమెరా మాత్రం ఖాళీ కుర్చీనే చూస్తూ ఉండిపోయింది. ఆ ముక్క కత్తిరిద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. అడుగుల చప్పుడు వినిపిస్తోంది, అది చాలు. ఏడాది గడువు తీరి బొమ్మ ఆగిపోయాక, సెట్టు చెడిపోయిందనుకుని జనం ఆయన కోసం కబురు పంపారట.

ఒక ఇంటర్వ్యూ ఫ్యాన్ చప్పుడులో కొట్టుకుపోయింది. మే నెల ఎండలో ఫ్యాన్ ఆపుతామని ఆవిడకు చెప్పలేక మొహమాటపడ్డాం. తప్పు మాదే. డిసెంబరులో మళ్లీ వెళ్లాం గానీ, రెండోసారి చెప్పేటప్పుడు ఆ ఊపు లేదు. తర్వాత కాలర్ మైకు కొన్నాం.

ప్రశ్నలు అడగడం కూడా మెల్లగా వంటబట్టింది. "మీ అనుభవాలు చెప్పండి" అంటే సన్మాన సభ ఉపన్యాసం వచ్చేది. "ఆ రోజు డ్యూటీకి ఎన్నింటికి వెళ్లారు, పక్కన ఎవరున్నారు" అంటే అసలు సంగతులు బయటికొచ్చాయి. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెప్పిన చోట రెండూ ఉంచాం, తీర్పు చెప్పలేదు.

రికార్డింగులన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉన్నాయి. ఖర్చుల లెక్క కోశాధికారి గారు చదువుతారు. విన్నది విన్నట్టు రాసిపెట్టడానికి మనుషులు కావాలి, ఓపికున్నవాళ్లు పేరివ్వండి. ఇంట్లో పాత డ్యూటీ చార్టులు, స్టూడియో ఫొటోలు ఉంటే పాతసామాన్ల బండికి వేసేముందు మాకొక ఫోన్ చేయండి.

కార్యదర్శి