రాఘవకు: పాడింది పాడినట్టు వినిపించే హెడ్‌ఫోన్ గురించి

ప్రియమైన రాఘవకు,

ఇంట్లో రికార్డు చేసుకుంటున్న నీ కీర్తనల మిక్సింగ్‌కు, అంటే విడివిడి ట్రాకులను కలిపి సరిచేసే పనికి, ఒకే ఒక్కటి కొనాలంటే హెడ్‌ఫోన్ కొనాలా, ఇయర్‌ఫోన్ కొనాలా అని అడిగావు. నా దగ్గర ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్‌నూ, ఎటిమోటిక్ ఈఆర్4ఎస్ఆర్ ఇయర్‌ఫోన్‌నూ ఒకే పాట మీద మార్చి మార్చి వింటూ వస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

తటస్థమైన ధ్వని, అంటే దేన్నీ పెంచకుండా తగ్గించకుండా వినిపించేది, కావాలంటే ఏ స్వరం ఎంత బిగ్గరగా మోగుతుందో చూపే గ్రాఫులో తిన్నని గీత ఉండాలని నువ్వు రాశావు. మంచి స్పీకరు విషయంలో అది చాలావరకు సరైనదే. హెడ్‌ఫోన్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఎదురుగా ఉన్న స్పీకరు నుంచి బయలుదేరిన శబ్దం మన తలకూ చెవిడొప్పకూ తగిలి, చెవి నాళంలో ప్రతిధ్వనించి, కర్ణభేరిని చేరేసరికి 3 కిలోహెర్ట్‌జ్ ప్రాంతంలో పది డెసిబెళ్లకు పైగానే పెరుగుతుంది. మనం పుట్టినప్పటి నుంచి ఆ పెంపుతోనే వింటున్నాము. ఇయర్‌ఫోన్ చెవిడొప్పను దాటి నేరుగా నాళంలోకి వెళ్లి దాన్ని మూసేస్తుంది కనుక, పోయిన ఆ పెంపును తయారుచేసేవారే అందులో అమర్చాలి. ఎంత అమర్చాలన్న దగ్గరే పేచీ అంతా ఉంది. 1991లో మొదటి ఈఆర్4ను తెచ్చిన ఎటిమోటిక్ సంస్థ, అన్ని దిక్కుల నుంచీ సమానంగా శబ్దం వస్తే కర్ణభేరి దగ్గర ఎలా ఉంటుందన్న డిఫ్యూజ్ ఫీల్డ్ కొలతను ఆధారంగా తీసుకుంది. ఆ తరువాత చాలా ఏళ్లకు హార్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకులు షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ శ్రోతలను కూర్చోబెట్టి పరీక్షించి, మంచి గదిలో మంచి స్పీకర్లు వినిపించే తీరుకు దగ్గరగా ఉన్న ధ్వనే ఎక్కువమందికి నచ్చుతుందని చూపారు. గదిలో బేస్, అంటే కింది స్థాయి ధ్వని, సహజంగానే కొంత పెరుగుతుంది కాబట్టి వారు సూచించిన గ్రాఫు రేఖలో బేస్ ఎక్కువగా ఉంటుంది.

ఇప్పుడు నా రెండింటి సంగతి. హెచ్‌డీ 600 1997లో వచ్చిన, వెనకవైపు తెరిచి ఉండే పెద్ద హెడ్‌ఫోన్. ఈఆర్4ఎస్ఆర్ చెవిలోకి లోతుగా దిగే, శబ్దం పుట్టించడానికి బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం చిన్న డ్రైవరు ఒకే ఒక్కటి ఉన్న ఇయర్‌ఫోన్. నిర్మాణంలో ఒకదానికీ మరొకదానికీ పోలిక లేదు. అయినా గాత్రం, వయొలిన్ మరీ కిందికీ మరీ పైకీ పోని మధ్య స్థాయి స్వరాల్లో ఉన్నంతసేపు రెండూ దాదాపు ఒకే మాట చెబుతాయి. గాయకుడి గొంతులోని జీర, ఊపిరి తీసుకున్న చోటు, తంబురా తీగ కింద నూలుపోగు పెడితే పుట్టే ఝంకారం, ఇవన్నీ రెండింటిలోనూ ఒకే దూరంలో, ఒకే బరువుతో వినిపిస్తాయి. వేరు వేరు దారుల్లో వచ్చిన ఇద్దరు సాక్షులు ఒకే సంగతి చెబితే నమ్మినట్టే, ఆ మధ్య స్థాయిని నేను ధైర్యంగా ప్రమాణంగా తీసుకుంటున్నాను. నీ పాటకు ప్రాణం కూడా అక్కడే ఉంది.

తేడా వచ్చేది రెండు చివరలా. మృదంగం తొప్పి (ఎడమవైపు ముఖం) మీద పడే గుంకీ నాదం హెచ్‌డీ 600లో గుండ్రంగా, నిండుగా ఉంటుంది కానీ, ఇంకా కిందికి వెళ్లేకొద్దీ పలచబడిపోతుంది. ఈఆర్4ఎస్ఆర్‌లో అది సన్నగానే ఉన్నా అట్టడుగు దాకా సమానంగా దిగుతుంది. అదీ రబ్బరు టిప్పు చెవిలో గాలి చొరకుండా బిగుసుకుంటేనే. కాస్త సందు ఉన్నా బేస్ మాయమైపోతుంది. ఇయర్‌ఫోన్‌లో బేస్ లేదని తీర్పు చెప్పేవారిలో చాలామందికి అసలు లోపం టిప్పు దగ్గరే ఉంటుంది. పైచివర సంగతి ఇంకా చిక్కు. 8 కిలోహెర్ట్‌జ్ దాటాక ఇయర్‌ఫోన్ ఎంత లోతుకు దిగిందన్న దాన్ని బట్టే ధ్వని మారిపోతుంది, ప్రతి మనిషి చెవి నాళమూ వేరు కాబట్టి ఆ భాగంలో గ్రాఫును చూసి ఏదీ నిర్ణయించవద్దు. సకార శకారాలు ఎక్కువగా ఉన్న చరణం ఒకటి పెట్టుకుని నీ చెవితోనే తేల్చుకో.

పోల్చేటప్పుడు రెండూ మోగే బిగ్గరతనాన్ని తప్పక సమానం చెయ్యి. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినదే మనకు స్పష్టంగా, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. గాత్రం రెండింటిలోనూ ఒకే బిగ్గరగా వినిపించేలా సరిచేసుకున్నాకే తక్కిన విషయాల జోలికి వెళ్లు.

నా సలహా హెచ్‌డీ 600. గంటల తరబడి కూర్చున్నా చెవి అలసిపోదు, కుషన్లు అరిగితే కొత్తవి వేసుకోవచ్చు. కుషన్లు నలిగిపోతే ధ్వని కూడా మారుతుంది కనుక ఆ మార్పిడిని అశ్రద్ధ చెయ్యవద్దు. దాని ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అది చూపే నిరోధం) 300 ఓములు, అందువల్ల ఫోనుకు నేరుగా తగిలిస్తే నీరసంగా మోగవచ్చు. మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటరుకు కలిపే నీ ఆడియో ఇంటర్‌ఫేస్ సరిపోతుందో లేదో ముందే చూసుకో. అది శబ్దాన్ని బయటికి వదులుతుంది కాబట్టి పాడేటప్పుడు మాత్రం పెట్టుకోకు, అందులో వినిపించే తంబురా శబ్దం మైకులోకి కారిపోతుంది. ఆ పనికి స్టూడియోలలో 1991 నుంచి వాడుతున్న సోనీ ఎండీఆర్ 7506 లాంటి మూసి ఉండేది చాలు. దాని ట్రెబుల్ (పై స్థాయి ధ్వని) కొంచెం పదును కనుక మిక్సింగ్ తీర్పులు మాత్రం దాని మీద చెప్పవద్దు. మీ వీధిలో రొద బాగా ఎక్కువైతే అప్పుడు ఈఆర్4ఎస్ఆర్ వైపు మొగ్గు, బయటి శబ్దాన్ని అది ఆపినంతగా నేను విన్న మరే ఇయర్‌ఫోనూ ఆపలేదు.

మొన్న నువ్వు పంపిన మోహన కీర్తనలో మృదంగం గాత్రాన్ని కాస్త కమ్మేస్తున్నట్టు రెండింటిలోనూ వినిపించింది. ఆ ట్రాకులు విడివిడిగా పంపు, ఏ స్థాయిలో తగ్గించాలో విని రాస్తాను.

నీ
సుబ్బారావు