గంటస్తంభం నుంచి కోట దాకా: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు వేసవిలో మా తోడల్లుడు పిల్లల్ని తీసుకుని విశాఖ నుంచి వచ్చాడు. భోజనాలయ్యాయి, ఓ కునుకు తీశాం. నాలుగయ్యేసరికి "అన్నయ్యా, ఇప్పుడు మీ ఊళ్ళో ఏటి చేద్దాం?" అన్నాడు. నేను పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసి రిటైరయింది అంతా విజయనగరంలోనే. అయినా నోట్లోంచి వెంటనే మాట రాలేదు. "సినిమాకెళ్దామా?" అన్నాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సినిమాలు వాళ్ళకి అక్కడ లేకనా!

ఈ సంగతి ఆ నెల కమిటీ మీటింగులో చెప్తే అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ తమ అనుభవాలు చెప్పారు, అన్నీ ఇంచుమించు ఇలాంటివే. పాతబస్తీలో చూడాల్సినవి లేక కాదు. సాయంత్రం పూట చుట్టం ఇంటికొస్తే, ఫలానా చోట మొదలుపెట్టి ఫలానా చోట కూర్చుని, ఫలానాది తిని రావచ్చు అని మనకే చెప్పడం చేతకావట్లేదు. ఈ ఏడాది మన పనుల్లో చాలావరకు ఆ మీటింగులోంచి వచ్చినవే.

నెలనెలా నడక

రెండో ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి గంటస్తంభం దగ్గర కలవాలని అనుకున్నాం. తొమ్మిది నడకలు అనుకుంటే ఏడు జరిగాయి. ఒకటి వానకి పోయింది. ఇంకొకటి ఎవరూ రాక పోయింది, అది పెళ్ళిళ్ళ సీజను. మొదటి నడకకి వచ్చింది పదకొండు మంది, అందులో ఏడుగురం కమిటీ వాళ్ళమే. చివరి నడకకి మనకి తెలియని మొహాలే ఎక్కువ. నా దృష్టిలో ఈ ఏడాది జరిగిన మంచి ఇదే.

స్తంభం దగ్గర ఒక చిన్న ఆట పెట్టాం. "స్తంభం దగ్గర కలుద్దాం" అని ఊళ్ళో అనని వాళ్ళు లేరు కదా, మరి దానికి ఎన్ని పక్కలున్నాయో చూడకుండా చెప్పండి అని అడిగాం. నాలుగన్నవాళ్ళు, ఆరన్నవాళ్ళు ఉన్నారు. గుండ్రంగా ఉంటుందన్న ఒక పెద్దాయన తన మాట మీదే నిలబడ్డారు. ఏడో తరగతి పిల్లాడొకడు ఆటోల మధ్యలోంచి చుట్టూ తిరిగొచ్చి "ఎనిమిది" అన్నాడు. 1885 నుంచి ఊరి మధ్యలో నిలబడి ఉన్నదాన్ని మనం రోజూ వాచీలా చూస్తున్నాం తప్ప కట్టడంలా చూడట్లేదు.

అక్కడినుంచి బజారు మీదుగా మూడు లాంతర్ల కూడలి, పైడితల్లమ్మ చదురుగుడి, ఆ పైన కోట. 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు కోటకి ముహూర్తం పెట్టారని మన పెద్దలు చెప్పే మాట అందరికీ తెలిసిందే. మనవాళ్ళలో చాలామందికి కోట అంటే లోపలున్న కాలేజీలే. ఫీజు కట్టడానికి తప్ప గోడ వైపు చూడ్డానికి ఆగినవాళ్ళు తక్కువ. నడకలో ఒకావిడ "నేను ఇందులో మూడేళ్ళు చదివాను, ఈ బురుజు ఇవాళే చూస్తున్నాను" అన్నారు.

బొంకుల దిబ్బ దగ్గర గిరీశం

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, క్షమించాలి. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే, 1892లో. నాటకం తెర లేచేదీ విజయనగరం బొంకుల దిబ్బ మీదే. పుస్తకంలో ఉన్న చోటుకి నడిచివెళ్ళి అక్కడే ఆ పేజీ చదివే భాగ్యం ఎన్ని ఊళ్ళకుంటుంది? అందుకని నవంబరు నడకని అక్కడ ఆపి, మొదటి రంగం చదివించాం. గిరీశం మాటలు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, వెంకటేశం మాటలు ఇంటర్ చదివే అమ్మాయి. వేషాలు లేవు, తెర లేదు. సెల్‌ఫోను లైటు వేసి పుస్తకం పట్టుకున్నారు, అంతే.

పక్కన మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) బండి ఉంది. చదువుతున్నంతసేపూ ఆ బండాయన డబ్బాలో గరిట ఆడించడం ఆపేసి విన్నాడు. గిరీశం అప్పుల వ్యవహారం అర్థమయ్యాక, "బాబూ, ఇలాటోళ్ళు నాకూ ముగ్గురు బాకీ" అన్నాడు. మాస్టారి చదువు అక్కడ ఆగిపోయింది, నవ్వాపుకోలేక. నూట ముప్పై ఏళ్ళ కిందటి నాటకానికి ఇంతకంటే మంచి విమర్శ నేను వినలేదు. ఆ రోజు అందరం అతని దగ్గరే మిక్చర్ తిన్నాం, అప్పు పెట్టకుండా.

అక్కణ్ణుంచి గురజాడవారి ఇంటికి వెళ్ళాం. ఆయన 1915 నవంబరు 30న పోయారు కాబట్టి ఆ నెల నడకకి అది సరిపోయింది. ఇల్లు చిన్నదే. లోపలికి వెళ్ళాక మాత్రం, అంత గోల చేసిన జనం గొంతు తగ్గించేశారు. ఎవరూ చెప్పలేదు.

సంగీత కళాశాల

ఆదివారం కాలేజీకి సెలవు. ఈ సంగతి మాకు గేటు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. బాధ్యత నాదే. దాంతో జనవరి నడకని బుధవారానికి మార్చాం.

1919లో మహారాజా విజయరామ గజపతి ఈ గానపాఠశాల పెట్టడానికి కారణం ఒక చూపు లేని కుర్రాడు. సంస్థానం ఉద్యోగి చాగంటి జోగారావుగారి అబ్బాయి గంగరాజుకి సంగీతం నేర్పించాలన్న కోరికలోంచి బడి పుట్టింది. మొదటి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇక్కడే వయొలిన్ పాఠాలు చెప్పి, 1936లో అధ్యక్షులయ్యారు. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో ఈ వీధుల్లోనే మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, పొట్ట నింపుకున్నారు. పాతబస్తీలో ఇప్పుడున్న కొన్ని ఇళ్ళవాళ్ళ ముత్తవ్వలు ఆ జోలెలో అన్నం వేసే ఉంటారు. వాళ్ళకి తెలిసుండదు ఎవరికి వేశారో.

మేం వెళ్ళిన సాయంత్రం మహా విద్వాంసులెవరూ వాయించలేదు. ఓ చిన్నపిల్ల వయొలిన్ మీద సరళీ స్వరాలు గీకుతోంది. అవును, గీకుతోందనే అనాలి. మధ్యమం దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ వేలు జారుతోంది. గురువుగారు ఏమీ అనకుండా మళ్ళీ 'స' నుంచి అందుకుంటున్నారు. ఆరోసారికి మధ్యమం పలికింది. గోడ ఇవతల నిలబడ్డ మాలో ఒకాయన చప్పట్లు కొట్టబోతే పక్కావిడ చెయ్యి పట్టుకున్నారు. కచేరీ వినాలంటే ఏ ఊరైనా ఫర్వాలేదు. పాఠం వినాలంటే ఇక్కడికే రావాలి.

హరికథ, మైకు

ఫిబ్రవరిలో హరికథ పెట్టాం. ఆరింటికి రావాల్సిన మైకు సెట్టు ఏడున్నరకి వచ్చింది. వచ్చాక కూడా 'కుయ్' మనడం తప్ప పలకలేదు. ఎవరి సెట్టో ఇక్కడ రాయను, అడ్వాన్సు తిరిగిచ్చేశారు కాబట్టి. ఈలోగా నాకు టెన్షన్, కోశాధికారికి అంతకంటే టెన్షన్. భాగవతారుగారు మాత్రం "కుర్చీలు దగ్గరికి లాక్కోండి నాయనా" అని, గజ్జె ఘల్లుమనిపించి మొదలెట్టేశారు. నారాయణదాసుగారు కథలు మొదలెట్టిన రోజుల్లో మైకెక్కడిది అని ఆయనే మధ్యలో ఒక చెణుకు విసిరారు. దూరంగా అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు కూడా జరిగి ముందుకొచ్చారు. వచ్చే ఏడాది మైకు లేకుండానే పెట్టాలని నా ప్రతిపాదన. కమిటీలో ఇద్దరు ఒప్పుకోవట్లేదు. సర్వసభ్య సమావేశంలో తేల్చండి.

అమ్మవారి పండగ

పైడితల్లమ్మ పండగకి అక్టోబరు 14న తొలేళ్ళు, అంటే ముందురోజు జాతర; 15న సిరిమాను, అంటే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఊరేగే ఉత్సవం. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు చాలామంది సోమవారమే దిగిపోతారు. రైతులు అమ్మవారి విత్తనాలు తీసుకునేది ఆ రాత్రే. మంగళవారం మధ్యాహ్నం సిరిమాను కదిలేదాకా వాళ్ళు ఎక్కడుంటారన్నది మనం ఇన్నేళ్ళూ ఆలోచించలేదు. అరుగుల మీద, షట్టర్ల కింద పడుకుంటారు. ఈసారి మన సంఘం హాలు రాత్రంతా తెరిచి ఉంచాం, చాపలు వేశాం. తప్పెటగుళ్ళ బృందం ఒకటి అక్కడే బస చేసింది. తెల్లవారి బయల్దేరే ముందు, రొమ్ముకి తప్పెట కట్టుకుని హాలు ముందు ఓ పావుగంట ఆడి వెళ్ళారు. మేం అడగలేదు. అది వాళ్ళు ఇచ్చిన అద్దె అనుకోవాలి.

ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల, వెనకాల సిరిమాను. చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగే ఆ దారిలో మన మంచినీళ్ళ స్టాలు పెట్టాం. తప్పిపోయిన పిల్లలు నలుగురు మన దగ్గరికి చేరారు, నలుగురూ ఇళ్ళకి చేరారు. తప్పిపోయిన పెద్దాయన ఒకరు మాత్రం, తాను తప్పిపోలేదనీ, కొడుకే తప్పిపోయాడనీ వాదించారు.

ఆడవాళ్ళకి మరుగుదొడ్ల సంగతి ఈసారీ తేలలేదు. తాత్కాలికంగా నాలుగు పెట్టించమని ఆగస్టు నుంచి అర్జీలు పెట్టాం. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు మీదికి తోసింది, ఆ ఆఫీసు తిరిగి మొదటి దాని మీదికి తోసింది. కాపీలన్నీ ఫైల్లో ఉన్నాయి. పాతబస్తీకి సందర్శకుల్ని రమ్మని పిలవడం సులువే. వచ్చిన ఆడమనిషి మూడు గంటలసేపు ఎలా తిరగాలో చెప్పకుండా పిలవడం మర్యాద కాదు. నన్నడిగితే బోర్డులు, లైట్లు, సెల్ఫీ పాయింట్లు అన్నీ దీని తర్వాతే.

బోర్డులు

ఆ మాట అన్నాను కాబట్టి బోర్డుల సంగతి కూడా ఒప్పుకుంటాను. మూడు చోట్ల పరిచయం బోర్డులకి ఆర్డరిచ్చాం. స్తంభం బోర్డు మీద '1985' అని వచ్చింది. వందేళ్ళు ఎగిరిపోయాయి. ప్రూఫు చూసింది నేనే, కళ్ళజోడు లేకుండా. దాని మీద అంకె అతికించి పెట్టాలా, కొత్తది చేయించాలా అని ఇంకా చర్చ నడుస్తోంది. బోర్డు ప్రస్తుతం మా ఇంటి మెట్ల కింద ఉంది.

మిగతావి

రక్తదాన శిబిరం ఎప్పట్లాగే జరిగింది. అయ్యకోనేరు గట్టు శుభ్రం చేసే కార్యక్రమం ఒక్క ఆదివారంతో ఆగింది. లెక్కలు ఆడిట్ అయ్యాయి, పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. చందా బాకీలున్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు. మురీ మిక్చర్ బండాయన మాట గుర్తుంచుకుంటే చాలు.

సర్వసభ్య సమావేశం జూన్ మొదటి ఆదివారం ఉదయం పది గంటలకి, సంఘం హాల్లో. ఎజెండాలో మూడు అంశాలు: మరుగుదొడ్ల అర్జీ మీద అందరి సంతకాలు, హరికథకి మైకు, మెట్ల కింద బోర్డు. తర్వాతి నడక మామూలుగానే రెండో ఆదివారం, నాలుగున్నరకి, స్తంభం దగ్గర. మా తోడల్లుడు పిల్లలతో వస్తున్నాడు. ఎన్ని పక్కలో వాళ్ళకి ముందే చెప్పెయ్యకండి.

ఇట్లు,
కార్యదర్శి