పళ్ళు అరిగితే ప్రతిసారీ నీళ్ళదే తప్పా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో పాడైన పళ్ళ మీద వచ్చిన వార్త చదివాను. దాంట్లో తప్పేం లేదు, మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్ళు ఆ నీళ్ళతో ఎంత గోస పడ్డాయో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, సున్నం, పటిక కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా నల్గొండ జిల్లా పేరే పెట్టారు. నా బాధ వేరు. ఇక్కడ పంటికి ఏమొచ్చినా ఫ్లోరైడ్ అనేసి చేతులు దులుపుకుంటున్నారు. నాకు అట్లనే నాలుగేళ్ళు పోయాయి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను, వయసు 46. పొద్దున లేచేసరికి దవడ పట్టేసి ఉండేది, జొన్నరొట్టె ముక్క నములుతుంటే చెవి ముందు టక్కుమనేది. కింది పళ్ళ కొసలు పలకలా చదునై మధ్యలో పసుపు రంగు బయటపడింది. ఒక డాక్టరు చూసీ చూడకుండానే 'మీ నీళ్ళు అంతే కదా' అన్నాడు. ఇంకొకాయన క్యాప్ వేశాడు, ఏడాది తిరక్కుండా పగిలింది, మళ్ళీ వేశాడు, మళ్ళీ పగిలింది, మూడోసారి ఎత్తుగా ఉన్న పళ్ళు అరగదీస్తే సరిపోతుందన్నాడు. ఆ రోజు జేబులో డబ్బుల్లేకపోవడం నా అదృష్టం. ఫ్లోరైడ్ దెబ్బ తగిలేది చిన్నతనంలో, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు. ఆ పళ్ళు పెళుసై పెచ్చులూడటం కూడా నిజమే, కానీ పైవీ కిందివీ ఒకదానికొకటి అతికినట్టు అరిగాయంటే రాసుకుంటున్నాయని కాదా?

నేను నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని కనిపెట్టింది మా ఆవిడ. "మిల్లు ఆడ బంద్ జేసొచ్చి ఇంట్ల నోట్ల నడుపుతున్నవా?" అని ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. ముందు గురక, ఉన్నట్టుండి గురక ఆగి చప్పుడే లేదు, తర్వాత ఉలిక్కిపడినట్టు ఒక పెద్ద ఊపిరి, వెంటనే కరకర, వడ్లలో రాళ్ళు పడ్డప్పటి చప్పుడు. మా అమ్మ 'కడుపుల నట్టలున్నయి బిడ్డా' అని నట్టల గోళీ మింగించింది, ఈ వయసులో!

చివరికి హైదరాబాద్ పోయి ఒక రాత్రంతా ఒంటికి వైర్లు పెట్టించుకుని పడుకుంటే తేలింది, నిద్రలో ఊపిరి ఆగుతోంది, పళ్ళు కొరుకుతున్నాను. నిద్ర కాసేపు తేలికైనప్పుడు ముందు గుండె వేగం పెరిగి, ఆ వెనకే దవడ కండరాలు బిగుసుకుంటాయట. కోపమొస్తే పళ్ళు నూరతాం కాబట్టి నిద్రలో నూరినా టెన్షనే అనుకుంటాం, టెన్షన్ ఉంది, కాదనను, కానీ అదొక్కటే కాదు. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో బ్రిటన్, జర్మనీ, ఇటలీల్లో 13 వేల మందిని ఫోన్లో అడిగితే నూటికి 8 మంది వారానికి ఒకసారైనా కొరుకుతామన్నారు. నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళు, మందు బాగా తాగేవాళ్ళలో ఇది అందరికంటే ఎక్కువ, కాఫీ ఎక్కువ తాగేవాళ్ళు, సిగరెట్ వాళ్ళు, ఆందోళన ఉన్నవాళ్ళు ఆ తర్వాత. ఇవి ఉన్నవాళ్ళలో ఎక్కువ కనిపించింది అంతే, ఇవే కారణమని తేలినట్టు కాదు. ఆ లిస్టు చదువుతుంటే నా గురించే రాసినట్టుంది, సీజన్‌లో నైట్ డ్యూటీకి పది పన్నెండు చాయ్‌లు, ఒక సిగరెట్ పెట్టె, ఆదివారం సంగతి చెప్పను. మా నాన్న కూడా కొరికేవాడట, ఇది ఇళ్ళలో వస్తుందంటారు. మా తోడల్లుడికైతే డిప్రెషన్ గోళీలు మొదలుపెట్టాక వచ్చింది, కొన్ని మందులకు అట్లా అవుతుందని డాక్టరే మార్చాడు. ఎవరూ సొంతంగా ఆపకండి.

ఇప్పుడు రాత్రి ఊపిరికి మాస్క్, నోట్లో ప్లాస్టిక్ గార్డు. గార్డు కొరకడం ఆపదు, పన్ను బదులు అది అరుగుతుంది. రెండు నెలలకే దాని మీద నా కోరల గుంటలు పడ్డాయి.

నేను అడిగేది చిన్నది. మా ఊళ్ళలో పళ్ళ క్యాంపులు పెట్టేవాళ్ళు చీటీ మీద నీళ్ళ సంగతి రాసుకున్నట్టే గురక, చాయ్, సిగరెట్, వాడే మందులు కూడా రాసుకోవాలి. మీరు కూడా ఈ ముక్క ఒకసారి వేయండి. గురక సంగతి మాత్రం పేషెంట్‌ను అడిగితే లాభం లేదు, నన్ను అడిగి ఉంటే అస్సలు లేదనే చెప్పేవాణ్ణి. పక్కన పడుకునేవాళ్ళను పిలిచి అడగండి.

- మీ పాఠకుడు, మిర్యాలగూడ