రిపోర్ట్ నెగటివ్ వచ్చినా భయం పోనివాళ్ళ గురించి తమిళనాడు ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

నేను చెన్నైలో ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మాది సూళ్ళూరుపేట వైపు, రోజూ లోకల్‌లో వచ్చి పోతుంటా. తమిళం మాట్లాడతా గానీ మనసులో ఉన్నదంతా రాయాలంటే నాకు తెలుగే, అందుకే తెలుగులో రాస్తున్నా, ఎవరో ఒకరు మీ దాకా చేరుస్తారని నమ్మకం. నేను అడిగేది ఒకటే. హెచ్ఐవీ టెస్ట్ నెగటివ్ వచ్చాక కూడా భయం పోనివాళ్ళు ఉన్నారు, ఎవరికో చెయ్యి తగిలిందని, ఎవరో కూర్చున్న సీట్లో కూర్చున్నామని రోగం అంటుకుందేమోనని నిద్ర లేకుండా తిరుగుతుంటారు, వాళ్ళకి మనం ఇంకో టెస్ట్ చేసి పంపించేస్తున్నాం తప్ప ఆ భయానికి వైద్యం చేయట్లేదు. ఆ భయాన్ని కూడా జబ్బుగా చూసి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్ చేసే మీ ఐసీటీసీ సెంటర్లలోనే వాళ్ళకి దారి చూపించండి.

వాళ్ళు ఎలా ఉంటారో ఒకరి గురించి చెప్తా. పేరు, ఊరు, కంపెనీ చెప్పను, చెప్పకూడదు కూడా. మన తెలుగు కుర్రాడే, అంబత్తూరు వైపు పని. కుర్చీలో కూర్చోగానే చెయ్యి చాపడు, ముందు టేబుల్ మీద దూది వైపు చూస్తాడు. "అన్నా, ఆ దూది ఇంకెవరికీ వాడింది కాదు గదా?" అంటాడు. సూది ప్యాకెట్ తన కళ్ళముందే చించాలి, చించేముందు ఎక్స్‌పైరీ డేట్ చదువుకుంటాడు. చేతికి కట్టే రబ్బర్ పట్టీ మీద ఏదన్నా మచ్చ కనపడితే అది రక్తమా, మందు మరకా అని అడుగుతాడు, ట్యూబ్ మీద అంటించిన స్టిక్కర్‌ని ఫోన్‌లో ఫోటో తీసుకుంటాడు, శాంపిల్ మారిపోతుందేమోనని. ఎందుకు తమ్ముడూ ఇదంతా అంటే, సెలూన్‌లో గడ్డం గీస్తుంటే తెగిందని మొదటిసారి చెప్పాడు. అది రావాల్సిన అనుమానమే, తప్పేం లేదు. తర్వాత వచ్చినప్పుడు బస్సులో పక్కాయన చేతికి కట్టు ఉందని, ఆ తడి తన చొక్కాకి అంటిందని. ఇంకోసారి, పోయినసారి ఇక్కడ రక్తం తీసినప్పుడు నా గ్లవ్స్ మీద ఏదన్నా ఉండి తన చర్మానికి తగిలిందేమోనని. అంటే భయం పోగొట్టుకోడానికి చేయించుకున్న టెస్టే ఇప్పుడు కొత్త భయం అయి కూర్చుంది. ఇంట్లో రెండేళ్ళ పాప ఉందంట, ఎత్తుకోడం మానేశాడంట. పాపకి ఏమన్నా అయితే ఎట్లన్నా అని ఏడ్చాడు. అన్ని రిపోర్టులూ నెగటివే మంత్రిగారూ, ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు.

ఇలాంటివాళ్ళకి నేను చెప్పగలిగినంత చెప్తా. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి గుచ్చిన సూది నేరుగా మాలాంటి స్టాఫ్ చేతిలో దిగినా, మందులేవీ వాడకపోయినా సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యిమందికి ముగ్గురు. అది సూది లోపలికి దిగితే సంగతి. మరి బస్సు సీటుతో, కంచంతో, బాత్రూమ్‌తో, షేక్ హ్యాండ్‌తో ఎలా వస్తుంది? రాదు. దోమతోనూ రాదు, దోమలో ఆ వైరస్ పెరగదు, పైగా అది కుట్టినప్పుడు లోపలికి వదిలేది దాని లాలాజలమే గానీ ఇందాక వేరేవాళ్ళ దగ్గర తాగిన రక్తం కాదు. బయటపడి ఆరిపోయిన రక్తంలో కొన్ని గంటల్లోనే వైరస్ 90 నుంచి 99 శాతం దాకా చచ్చిపోతుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఎప్పట్నుంచో చెప్తోంది. నిజంగా సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపల మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆపొచ్చు, ల్యాబుల్లో పనిచేసే మాకు ఈ లెక్కలు నోటికి వచ్చు.

లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ బీ గురించి మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయను. ఆ వైరస్ బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, వాడిన బ్లేడ్, పచ్చబొట్టు సూది, చెవులు కుట్టే సూది వీటితో రావొచ్చు. కానీ దానికి టీకా ఉంది, 3 డోసులు, ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, మొదటిదానికి ఆరు నెలల తర్వాత ఒకటి. దేశమంతటా పిల్లల టీకాల్లో అది చేరింది 2011 తర్వాతే, కాబట్టి ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న వయసు వాళ్ళలో చాలామందికి పడి ఉండదు. సెలూన్ బ్లేడ్ గురించి వణికిపోయే మనిషికి పదోసారి హెచ్ఐవీ టెస్ట్ చేసే బదులు ఈ టీకా వేయించుకో అని చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉంటే సగం భయం అక్కడే పోతుంది, కొంచెం ఉపయోగం కూడా ఉంటుంది. హెపటైటిస్ సీకి టీకా లేదు గానీ చాలామందికి 12 వారాలు మాత్రలు మింగితే తగ్గిపోతుంది, 2018లో మొదలైన జాతీయ ప్రోగ్రామ్ కింద ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

అయితే ఎంత చెప్పినా ఆ కుర్రాడి లాంటివాళ్ళకి సరిపోదు, అదే నా బాధ. రిపోర్ట్ చేతిలో పడ్డ రోజు మొహం వెలిగిపోతుంది, నాలుగు రోజులకి మళ్ళీ మనసు తొలిచేస్తుంది, అప్పుడు ఇంకో ల్యాబ్‌కి పోతారు. అనుమానం పెనుభూతం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. సైకియాట్రిస్టులు దీన్ని హెల్త్ యాంగ్జైటీ అంటారు, అంటే జబ్బు ఉందేమోనన్న అతి భయం, కొందరిలో ఓసీడీ అంటారు, అంటే వద్దన్నా అదే ఆలోచన, అదే పని మళ్ళీ మళ్ళీ రావడం, మాటిమాటికీ ధైర్యం చెప్పించుకోవడం, మళ్ళీ మళ్ళీ టెస్టులు, రాత్రంతా ఫోన్‌లో లక్షణాలు వెతుక్కోవడం, ఇవన్నీ భయాన్ని తగ్గించవు, పెంచుతాయి. దీనికి సీబీటీ అనే థెరపీ ఉంది, ఆలోచననీ అలవాటునీ మార్చుకోడం నేర్పుతారు, మందులు ఉన్నాయి, తగ్గుతుంది. కానీ ఆ మాట చెప్పాల్సిన చోట ఎవరూ చెప్పట్లేదు.

2017 హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. టెస్ట్‌కి ముందు కౌన్సెలింగ్, టెస్ట్ తర్వాత కౌన్సెలింగ్ రెండూ ఉండాలని అందులోనే ఉంది. నేను పనిచేసిన చోట్ల చూసింది ఏంటంటే, ఫారం మీద సంతకం పెట్టించుకుంటే ముందు కౌన్సెలింగ్ అయిపోయినట్టు, రిపోర్ట్ వాట్సాప్‌లో పంపితే తర్వాత కౌన్సెలింగ్ అయిపోయినట్టు. పైగా ప్యాకేజీలు. భయపడి వచ్చినవాడికి ఎంత పెద్ద ప్యాకేజీ చెప్తే అంత కడతాడు, ఎవరూ ఇక చాలు అనరు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఈ భయం వల్ల పక్కవాళ్ళు కూడా నలిగిపోతున్నారు. ఒక ఇంటివాళ్ళు ఐదుగురు ఒకేసారి టెస్ట్‌కి వచ్చారు, ఎందుకంటే ఇంట్లో పనిచేసే ఆమె సంచిలో ఏఆర్‌టీ మాత్రల డబ్బా, అంటే హెచ్ఐవీకి వాడే మందులు, కనపడిందంట. ఆమె కడిగిన గ్లాసుల్లో నీళ్ళు తాగామని, ఆమె తరిగిన కూరగాయలు తిన్నామని. ఆ ఐదుగురికీ ఏమీ లేదు, ఉండదు కూడా, కానీ వీళ్ళు ల్యాబ్‌కి వచ్చేలోపే ఆమెని పనిలోంచి తీసేశారు. మందులు సరిగ్గా వేసుకుని వైరస్ టెస్టుల్లో కనపడనంతగా తగ్గితే సంభోగం ద్వారా కూడా సోకదని ప్రపంచమంతా ఒప్పుకుంది, ఇక గ్లాసుల సంగతి ఏం చెప్పాలి. ఆమె చేసిన తప్పు మాత్రలు మానకుండా వేసుకోవడమా?

మంత్రిగారూ, ఈ పని చెన్నై చేయకపోతే ఇంకెవరు చేస్తారు చెప్పండి. 1986లో దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు బయటపెట్టింది ఇక్కడి మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె స్టూడెంట్ నిర్మల. మిగతావాళ్ళు ముట్టుకోడానికి కూడా జంకే రోజుల్లో వాళ్ళు పనిచేశారు. 1994లోనే మీ రాష్ట్రం ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ పెట్టుకుంది. మా నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎంతమంది తాంబరం శానటోరియం ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి ప్రాణాలు దక్కించుకున్నారో మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు.

అందుకే అడుగుతున్నా. ఐసీటీసీ కౌన్సెలర్లకి ఈ రకం భయాన్ని గుర్తుపట్టే ట్రైనింగ్ ఇప్పించండి. ప్రమాదం జరిగిందనుకున్న రోజు నుంచి లెక్కేసి, ల్యాబ్‌లో చేసే నాలుగో తరం టెస్ట్ (వైరస్ ముక్కనీ, దాని మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలనీ రెండూ చూసేది) 45 రోజులు దాటాక నెగటివ్ అయితే, ర్యాపిడ్ కిట్ అయితే 3 నెలలు దాటాక నెగటివ్ అయితే, మళ్ళీ కొత్తగా ప్రమాదం ఏమీ జరగకపోతే, ఇక టెస్ట్ వద్దు అని గట్టిగా, మర్యాదగా చెప్పి అదే ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి చీటీ రాసివ్వాలి. వేరే చోటికి పొమ్మంటే పోరు. హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ ఎలాగో ఇక్కడ కీల్పాక్ మెంటల్ ఆసుపత్రి అలాగ, ఆ పేరెత్తితేనే అంత పిచ్చి నాకు లేదండీ అని లేచిపోతారు. రిపోర్ట్ కాగితం మీదే 1097, 14416 రెండు నెంబర్లూ అచ్చు వేయించండి, మొదటిది హెచ్ఐవీ అనుమానాలకి, రెండోది టెలీ మానస్, మనసు బాలేకపోతే ఫోన్ చేయడానికి, తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రైవేట్ ల్యాబులకి కూడా ఇదే రూల్ పెట్టండి, కౌన్సెలింగ్ లేకుండా ఈ టెస్ట్ అమ్మితే ఊరుకోమని చెప్పండి. మాధవరం బస్టాండ్‌లో, సెంట్రల్ స్టేషన్‌లో రోజూ వేలమంది తెలుగువాళ్ళు దిగుతారు, అక్కడ దేనితో వస్తుంది, దేనితో రాదు అని తెలుగులో కూడా పెద్ద బోర్డు పెట్టించండి.

కొత్త బిల్డింగులు అక్కర్లేదు, కొత్త మిషన్లు అక్కర్లేదు. ముందు రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, స్టాన్లీ ఆసుపత్రిలో, కీల్పాక్ మెడికల్ కాలేజీలో ఉన్న ఐసీటీసీల నుంచి సైకియాట్రీకి చీటీ రాసే పద్ధతి మొదలుపెట్టించండి. ఆ ఆర్డర్ వచ్చిన రోజు నేను మొదట పంపేది ఆ అంబత్తూరు కుర్రాడినే.

ఇట్లు,
చెన్నైలో పనిచేసే ఒక ల్యాబ్ టెక్నీషియన్