రెండు శనివారాల చేదు

నమస్కారం.

మారతహళ్లిలోని మా వంటింటి నుంచి గత రెండు శనివారాలు మీరు తెప్పించుకున్న, మెక్సికో రుచులు కలిపిన కీమాను దిమ్మలా ఒత్తి పొగలో కాల్చే మీట్‌లోఫ్ చేదుగా ఉంది. కొందరు ఫోన్ చేసి చెప్పారు, కొందరు ఏమీ అనకుండా ఊరుకున్నారు. చెప్పినవారికీ చెప్పనివారికీ, ఆ రెండు రోజుల్లో కొన్న 46 మందికీ పూర్తి డబ్బు వెనక్కి పంపిస్తున్నాను. బుధవారంలోగా మీ ఖాతాలో పడుతుంది. పడకపోతే దయచేసి ఒక్క ఫోన్ చేయండి.

మొదట చెప్పినవారు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్న ఒక మాస్టారు. "అమ్మా, మాంసం బాగుంది. కానీ మింగాక వేపపుల్ల నమిలినట్టు నాలుక మీద చేదు మిగిలింది. మసాలా ఏమైనా మార్చావా?" అని అడిగారు. "లేదు మాస్టారూ, అదే మసాలా" అన్నాను. మిరపకాయలు కాస్త మాడి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరుసటి వారం మిరపకాయలను పక్కనే నిలబడి వేయించాను. చేదు తగ్గకపోగా పెరిగింది. ఆదివారం పొద్దున మిగిలిన ముక్క పైపొరను ఒలిచి, లోపలి భాగాన్ని విడిగా తిని చూశాను. లోపల చేదు లేదు. చేదంతా పైనున్న నల్లటి పొరలోనే ఉంది. అప్పుడు అర్థమైంది, తప్పు మసాలాది కాదు, పొగది.

మేము పొగకు మామిడి కట్టె వాడతాం. ఈసారి వచ్చిన కట్టెలు ఆరినవేనని అమ్మినాయన అన్నాడు, నేను పరీక్షించకుండా దింపించుకున్నాను. దానికితోడు వెనక రేకుల షెడ్డులో పేర్చినవాటి మీద అక్టోబరు వాన జల్లు పడింది. ఆదివారం కూర్చుని రెండేసి కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూశాను. ఆరిన కట్టె ఖంగుమంటుంది, దాని కోసిన అంచున నెర్రెలు కనిపిస్తాయి. నా చేతిలోవి తడి గుడ్డను బండకేసి కొట్టినట్టు దబ్బుమన్నాయి. అంచుల్లో ఒక్క నెర్రె లేదు.

పచ్చి కట్టె అంటుకుంటే దాని వేడి ముందు లోపలి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మంట చల్లబడుతుంది, కట్టె సరిగా కాలదు, చిక్కటి తెల్లపొగ పుడుతుంది. ఆ పొగలోని జిగట పదార్థాన్ని క్రియోసోట్ అంటారు. పొగగొట్టం లోపల తారులా పేరుకునేది అదే. చల్లగా, తడిగా ఉన్న మాంసం మీద అది ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. మంచి పొగ పలచగా, నీలి ఛాయలో, చూడటానికి ఉందో లేదో అన్నట్టుంటుంది. పొయ్యి పొగకు కళ్లు మండితే కట్టె పచ్చిదని మా అమ్మమ్మ అనేది. ఆ రెండు శనివారాలూ మాంసానికి పొగ పట్టించే డ్రమ్ము దగ్గర నా కళ్లు మండుతూనే ఉన్నాయి. ఆర్డర్ల హడావిడిలో పట్టించుకోలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది అదే.

లోఫ్ ఎండిపోయినట్టుందని కొందరు అన్నారు, దానికీ కారణం ఇదే. డ్రమ్ములో వేడి 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబడితే ముప్పావు కిలో లోఫ్ మూడు గంటల్లో సిద్ధమవుతుంది. పచ్చి కట్టెతో వేడి మాటిమాటికీ 85కి పడిపోయి అయిదు గంటలు పట్టింది, అంతసేపూ రసం కారిపోయింది. ముందుగా దించేయడం కుదరదు. ముక్క మాంసంలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైనే ఉంటాయి, కీమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతాయి. పైగా మా లోఫ్‌లో సగం మటన్, సగం కోడి తొడ మాంసం. నడిబొడ్డున 74 డిగ్రీలు చూడకుండా దేన్నీ మీకు పంపను. ఈ విషయంలో నేను ఎప్పటికీ తగ్గను.

ఇంత చెబుతున్నాను కాబట్టి మసాలా సంగతి కూడా చెబుతాను. మీట్‌లోఫ్‌ను మెక్సికో వంటకంగా నేను ఎప్పుడూ అమ్మలేదు. అది అమెరికా ఇళ్లలో చేసుకునే వంట, అందులో మెక్సికో రుచులు కలిపాం, అంతే. వాటిలో ప్రాణం చిపోట్లే. పండిన హాలపేన్యో మిరపకాయ కండ గలది, ఎండలో సరిగా ఆరదు, అందుకని అక్కడివారు పొగలో ఆరబెడతారు. అలా ఆరినదే చిపోట్లే. మెక్సికో ఆదివాసుల నహువాట్ల్ భాషలో ఆ పేరుకు అర్థమే పొగ పట్టిన మిరప. దాన్ని డబ్బాల్లో దిగుమతి అయినదే కొంటాను, దానికి బదులు లేదు. అంచో, గ్వహియో మిరపకాయల స్థానంలో మాత్రం యశవంతపుర మార్కెట్ నుంచి తెచ్చిన బ్యాడగి వాడుతున్నాను. హావేరి జిల్లాలో పండే ఆ కాయకు ముడతలు ఎక్కువ, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. ఆ మెక్సికో కాయలు ఇచ్చేదీ రంగు, తీపి ఛాయే. గుంటూరు కాయ వేసి చూశాను, కారం ముందుకొచ్చి పొగ వాసనను మింగేసింది. మిరప అమెరికా ఖండాల నుంచే పోర్చుగీసువారితో మన దగ్గరికి వచ్చింది కనుక ఈ బంధుత్వం నాకు వింతగా అనిపించదు. మెక్సికో ఒరెగానో దొరకని వారాల్లో కుండీలోని వాము ఆకు కొద్దిగా తరిగి వేస్తాను. ఇక్కడివారు దాన్ని దొడ్డపత్రె అంటారు. ఘాటు దాదాపు అలాగే ఉంటుంది. ఆఖరి అరగంటలో పైన పూసే పూతలో టమాటా, బెల్లం, చిపోట్లేతో పాటు చింతపండు గుజ్జు ఉంటుంది. చింతపండు మెక్సికోవారికీ ఇష్టమే.

ఇకమీదట మారేవి కొన్ని ఉన్నాయి. తేమ కొలిచే పరికరం కొన్నాను. 20 శాతం దాటిన కట్టె డ్రమ్ములోకి వెళ్లదు. పచ్చి కట్టెలన్నీ గోడకు దూరంగా, గాలి ఆడేలా మళ్లీ పేర్చాం. అవి ఆరడానికి నెలలు పడుతుంది కనుక ఆరిన కట్టె వేరేచోట కొంటున్నాను, దానికి ధర ఎక్కువ. శనివారానికి 24 లోఫ్‌ల కంటే ఎక్కువ చేయను. మా డ్రమ్ములో గాలి చక్కగా తిరగడానికి అంతే చోటు. 30 పెట్టడం నా రెండో తప్పు. లోఫ్ ధర 850 నుంచి 920 రూపాయలవుతుంది. పొగ వాసనను ద్రవంగా నింపి అమ్మే పొగ సీసా కొని మామూలు ఓవెన్‌లో కాల్చేస్తే ఈ గొడవే ఉండదని మా తమ్ముడు అన్నాడు. వాడు నా కష్టం చూసి అన్నదే. కానీ మూడు గంటలు పొగలో కాగిన మాంసానికి పైన చేరే ఆ చేవ సీసాతో రాదు. అది లేకపోతే మీరు నా దగ్గర కొనడానికి కారణం కూడా ఉండదు.

ఈ శనివారం అమ్మకం లేదు. ఆ రోజు కొత్త కట్టెతో నాలుగు లోఫ్‌లు మాకోసం చేసుకుంటాం. వచ్చే శనివారం తెల్లవారుజామున డ్రమ్ము వెలిగిస్తాం. మొదటి లోఫ్ దించి, పావుగంట ఆరనిచ్చి, పైపొరతో సహా రెండు ముక్కలు కోసి మాస్టారింటికి పట్టుకెళతాను. ఆయన ఒప్పుకున్నారు, ఉదయం కాఫీ తాగకుండా ఉంటానన్నారు. నాలుక మీద చేదుందని ఆయన అంటే ఆ రోజు ఆర్డర్లు బయటికి వెళ్లవు, మీ డబ్బు మధ్యాహ్నంలోగా వెనక్కి వస్తుంది.